మెడ గురించి అమ్మమ్మకి తెలుగులో చెప్పండి

ప్లేనోలో చాలా తెలుగు ఇళ్ళలో పగలంతా పిల్లల్ని చూసేది ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల ఇళ్ళలో కూడా అంతే. కానీ డాక్టర్ ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అమ్మానాన్నలు చదివి ఫైల్లో పెడతారు. మెడ విషయంలో ఇది చాలదు అని నా అభిప్రాయం.

మన మెడలో మొదటి ఎముక ఉంగరంలా ఉంటుంది. రెండో ఎముక నుంచి ఒక మేకు లాంటిది ఆ ఉంగరంలోకి వస్తుంది. అది కదలకుండా ఒక గట్టి పట్టీ ఆపుతుంది. డౌన్ సిండ్రోమ్‌లో ఆ పట్టీ వదులుగా ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఆ వదులు కనిపించేది నూటికి 10 నుంచి 20 మందిలో. వెన్నుపాము నలిగి ఇబ్బంది వచ్చేది ఒకరిద్దరికే.

మరి అందరికీ ఎక్స్‌రే తీస్తే పోదా? 1983లో స్పెషల్ ఒలింపిక్స్ అలాగే అడిగింది. కానీ ఈ రోజు బాగున్న ఎక్స్‌రే రేపటికి హామీ కాదు. 2011లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, లక్షణాలు లేని పిల్లలకి మామూలుగా ఎక్స్‌రే వద్దు, లక్షణాలు గమనించండి అంది. నాకు ఇది సరైన మాటే అనిపిస్తుంది. అయితే గమనించాల్సిన మనిషికి ఆ లక్షణాలు తెలియాలి కదా!

అందుకే ఈ మాటలు నేర్చుకున్నాను. నడక తూలడం. చేతిలో పట్టు తప్పడం. మెడ నొప్పి, మెడ ఒక పక్కకి వాలిపోవడం. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం. ఇవి కొత్తగా వస్తే "మొండికేస్తున్నాడు" అనుకోకూడదు. అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. పిల్లిమొగ్గలు వద్దు. ఇండియా వెళ్ళినప్పుడు సెలూన్‌లో మెడ విరిపించడం అసలు వద్దు. (తాతయ్యలకి అది మహా ఇష్టం!)

వెన్నుపాము నలిగితే ఆపరేషన్ ఉంది. రెండు ఎముకల్నీ స్క్రూలతో కలిపేస్తారు. ముంబై కెఇఎం ఆసుపత్రిలో డాక్టర్ అతుల్ గోయల్ 1994లో ప్రచురించిన పద్ధతి, తర్వాత 2001లో జర్మనీ డాక్టర్ హార్మ్స్ రాసిన పద్ధతి, ఇప్పుడు ప్రపంచమంతా వాడతారు. కానీ తల తిప్పడంలో దాదాపు సగం ఆ కీలులోనే జరుగుతుంది, కాబట్టి తర్వాత తల అంతగా తిరగదు. పైగా ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు.

పళ్ళ కోసమో చెవి కోసమో మత్తు ఇచ్చినా, మెడ సంగతి ముందే చెప్పాలి.

మా ఇంట్లో "తూలడం" అంటాం. మీ ఇంట్లో ఏమంటారు? అమ్మమ్మకి ఆ మాటతోనే చెప్పండి.