గుర్దాలు కోలుకున్నా పరీక్షలు మానకండి

"హకీం సాబ్, అబ్బాకు మూత్రం మామూలుగానే వస్తోంది. ఇక పరీక్షలెందుకు?" వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, గుర్దాలు ఉన్నట్టుండి దెబ్బతిని, డయాలిసిస్ తర్వాత ఇల్లు చేరినవారి బిడ్డలు తరచూ అడిగే మాట ఇది. వారి సంతోషం అర్థమవుతుంది. ఖర్చు భయమూ అర్థమవుతుంది. అయినా ఆ మాటతో నేను ఏకీభవించను.

మూత్రం రావడం వేరు, గుర్దా పూర్తిగా బాగుపడటం వేరు. ఒకసారి ఇలా దెబ్బతిన్నవారికి తర్వాతి ఏళ్లలో దీర్ఘకాల కిడ్నీ జబ్బు, రక్తపోటు, గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మొదట్లో ఏ బాధా తెలియదు. అందుకే 3 నెలలకు మళ్లీ చూపించుకోవాలని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. రక్తపోటు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ - ఈ మూడూ చూపించండి. జబ్బుతో కండ తగ్గినవారిలో క్రియాటినిన్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించవచ్చు. కాబట్టి అదొక్కటే చాలదు.

ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో మూత్రం రంగు, చిక్కదనం, అడుగున చేరే మడ్డి గురించి వివరంగా రాశాడు. ఖారూరా చూడటం మన వైద్యానికి కొత్త కాదు. కాని కొద్దిగా పోయే అల్బుమిన్ కంటికి కనబడదు. ల్యాబుకు పంపడం యూనానీకి చిన్నతనం కాదు.

మా హకీములకూ ఒక మాట. ఇలాంటి రోగికి పాదరసం, సీసం వంటివి కలిసిన కుష్తాలు ఇవ్వకూడదు. మూత్రం జారీ చేసే పల్లేరు కషాయమైనా రిపోర్టు చూడకుండా వద్దు. మందు కంటే పర్హేజ్ ముందు.

ఇంట్లోవారు గమనించండి. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు దుకాణంలో కొని వేయకండి. ఆస్పత్రిలో ఆపిన బీపీ, షుగర్ మందుల్ని మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి. విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకండి. నీళ్లు ఎన్ని తాగాలో కూడా ఆయననే అడగండి, అందరికీ ఒకే లెక్క కుదరదు. రంజాన్‌లో రోజా ఉండే ముందు సలహా తీసుకోండి. జబ్బుపడినవారికి సడలింపు ఉండనే ఉంది.

డిశ్చార్జి కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోకండి. దానిమీద 3 నెలల తర్వాతి తేదీ ఈరోజే రాసుకోండి.