ఎండినా వాడని పూలు

మొన్న దీపావళికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ బీరువా మీంచి ఒక ఎండుగడ్డి కట్ట తీసి, "ఇది పారెయ్యనా?" అంది. నేను పడక్కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాను. అది గడ్డి కాదు, పూలు! నాలుగేళ్ళ కిందట మా మేనల్లుడు ఉద్యోగం మీద బ్రెజిల్ వెళ్ళి వస్తూ తెచ్చాడు. సన్నని పుల్లల చివర చొక్కా గుండీలంతేసి తెల్లపూలు. దుమ్ము దులిపితే తెచ్చిన నాడు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. అక్కడివాళ్ళు వీటిని 'సెంప్రె వీవా' అంటారట. ఎప్పుడూ బతికుండేది అని అర్థం.

ఈ పూల పుట్టిల్లు బ్రెజిల్ తూర్పు భాగాన మినాస్ జెరాయిస్ నుంచి బహియా దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగిన ఎస్పిన్యాసో కొండలవరుస. కొండలనగానే అడవి అనుకునేరు. పైన తెల్లని రాయి, తెల్లని ఇసుక, వాటి మధ్య గడ్డి, పొదలు. కాంపో రుపెస్ట్రె అంటారు; రాళ్ళలో బీడు అనుకోండి. ఇలాంటి బీళ్ళన్నీ కలిపినా సుమారు 66 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగాని కంటే కాస్త ఎక్కువ. బ్రెజిల్ నేలలో ఇది నూటికి ఒక పాలైనా కాదు. కాని ఆ దేశపు మొక్కల జాతుల్లో నూటికి దాదాపు పదిహేను ఇక్కడే ఉన్నాయి. అయిదు వేలకు పైమాటే!

ఎరువు వేస్తే పంట పెరుగుతుందని తెలిసిన మనకు ఇది తలకిందుల లెక్కలా ఉంటుంది. అక్కడ నేలలో సారమే లేదు, భాస్వరం మరీ కరువు. అందుకే ఏ ఒక్క మొక్కా బలిసి మిగతావాటిని తొక్కెయ్యలేదు. పైగా సముద్రంలో దీవుల్లాగా ఏ శిఖరం సంసారం ఆ శిఖరానిదే. కొన్ని జాతులు ఒక్క కొండ మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు.

బతకడానికి అవి పడే పాట్లు చూడండి. వెలోజియా కుటుంబపు మొక్క ఒకటి రాతిలోకే వేరు దించుతుంది. ఆ వేరు పుల్లని రసం ఊరుస్తుంది. మన నిమ్మకాయలో పులుపు కూడా అందులో ఉంది. దానితో రాయిని కొంచెం కొంచెంగా కరిగించి భాస్వరం లాక్కుంటుంది. దీని చుట్టాలు కొన్ని ఎండాకాలంలో పూర్తిగా ఎండి, వాన పడిన కొద్ది రోజులకే పచ్చబడతాయి. మన కొండ తీర్థాల్లో సంజీవని అని అమ్మే ఎండుమొక్కను నీళ్ళలో వేసి చూసినవారికి ఈ తమాషా కొత్త కాదు. ఇంకొకటుంది, ఫిల్కాక్సియా. గుండుసూది తలంతేసి ఆకుల్ని ఇసుక కింద దాచుకుంటుంది. వాటి జిగురుకు సన్నని పురుగులు అంటుకుంటే అరాయించుకుంటుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులు 2012లో రుజువు చేశారు. ఇసుక కింద వల పన్నే మొక్కను నేను కథల్లో కూడా చదవలేదు.

మనకూ ఆ కొండలకూ ఒక పాత లావాదేవీ ఉంది. ఒకప్పుడు లోకానికి వజ్రాలంటే గోలకొండే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. 1720ల్లో ఈ ఎస్పిన్యాసో వాగుల్లో వజ్రాలు బయటపడ్డాయి. మన వ్యాపారం దిగజారింది, అక్కడ డయమాంటినా పట్నం వెలిసింది. ఆ గనుల్లో చాకిరీ చేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు.

వజ్రాలు తగ్గాయి, పూలు మిగిలాయి. ఆ బానిసల సంతతివారు కొందరూ, చుట్టుపక్కల పల్లెలవారూ ఎండలకాలం కొండెక్కి, రాతిగుహల్లో కాపురం పెట్టి, సెంప్రె వీవాలు ఏరి అమ్ముకుంటారు. 2002లో ప్రభుత్వం అక్కడొక జాతీయ వనం పెట్టింది. పేరు కూడా సెంప్రె వీవాల వనమే! పూలను కాపాడాలన్న మాట నిజమే. గింజ పండకముందే కోసేస్తే, మొక్కంతా ఊడబెరికితే ఏ జాతి నిలుస్తుంది? కాని వనం గీతల లోపల పూలు ఏరడం తప్పయింది, తాతల నాటి నుంచి ఏరుతున్నవాళ్ళు దొంగలయ్యారు. 2020లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వీళ్ళ జీవన పద్ధతినే ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. బ్రెజిల్‌లో ఆ గౌరవం పొందిన మొదటిది ఇదే.

నాకు మాత్రం వనం కాపలాదారు కంటే, ఏ పువ్వు ఎప్పుడు కొయ్యాలో తెలిసిన ముసలమ్మ మీదే గురి. అసలు భయం గనులూ రోడ్లూను. రోడ్డు కోసం తవ్వి వదిలిన చోట్ల పక్క బీటి గడ్డి కోసి గింజలతో సహా పరిచినా, ఏళ్ళు గడిచినా పాత బీడు తిరిగి రాలేదు. అడవి నరికితే తుప్పలైనా లేస్తాయి. ఇక్కడ అదీ లేదు.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. చీపురు పక్కన పెట్టి విన్నది.

"ఈ కట్టకు మీ మేనల్లుడు ఎంతిచ్చాడు?"

ఫోను చేసి అడిగాను. "గుర్తు లేదు మామయ్యా, విమానాశ్రయంలో కొన్నాను" అన్నాడు.

"అయితే ఏరినావిడకి ఏం ముట్టి ఉంటుందిలెండి" అని, కట్టను బీరువా మీద కాకుండా అద్దాల అలమరలో పెట్టింది.