విత్తన వేరుశనగ నీడలో ఆరాలి, ఆరబెట్టిన శ్రమకు ధర పలకాలి

పొలంలో ఎంత బాగా పండినా, విత్తన వేరుశనగ మొలక శాతం చివరికి కళ్లంలోనే తేలుతుంది. పీకిన నాడు కాయలో 35 నుంచి 50 శాతం దాకా తేమ ఉంటుంది. నిల్వకు పెట్టే నాటికి అది 9 శాతానికి దిగాలి. 40 శాతం తేమ ఉన్న క్వింటా పచ్చికాయ ఆ స్థితికి రావాలంటే దాదాపు 34 కిలోల నీరు పోవాలి. ఆ నీరు ఎంత వేడిలో, ఎంత వేగంగా పోయిందన్న దాన్ని బట్టే విత్తనం బతుకుతుంది.

వరి విత్తనంలో 13 శాతం తేమ ఉండనిచ్చే ధ్రువీకరణ ప్రమాణాలు వేరుశనగకు 9 శాతం దగ్గరే గీత గీశాయి. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె. నూనె నీటిని పట్టుకోదు కాబట్టి తేమంతా మిగతా సగంలోనే చేరుతుంది. అందువల్ల కొద్దిపాటి తేమకే బూజు పడుతుంది, నూనె చెడి కనరు వాసన వస్తుంది.

ఎండతో వచ్చే నష్టం

రాయలసీమలో ఖరీఫ్ విత్తనానికి రబీ పంటే పెద్ద ఆధారం. ఆలస్యంగా వేసిన పంట ఏప్రిల్, మే నెలల్లో పీకుడుకు వస్తుంది. అప్పటికి గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నేల, సిమెంటు కళ్లం, తారురోడ్డు అంతకంటే ఎక్కువ కాలుతాయి. యంత్రంతో ఆరబెట్టినా విత్తన కాయకు తగిలే గాలి 38 డిగ్రీలు మించకూడదు. రోడ్డు మీద పరిచిన కాయ ఆ హద్దును పొద్దెక్కగానే దాటేస్తుంది.

ఆ వేడికి గింజ మీది పొర పెళుసెక్కి చిట్లుతుంది, పప్పు బద్దలుగా విడిపోతుంది, మొలకకు మూలమైన అంకురం దెబ్బతింటుంది. కణాల పొరలు బలహీనపడటంతో విత్తాక గింజలోని చక్కెరలు, లవణాలు తడి మట్టిలోకి కారిపోతాయి. మొదలుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలకు అదే ఆహారం. ఇంత జరిగినా కాయ పైకి బాగానే కనిపిస్తుంది. నష్టం బయటపడేది జూన్‌, జులైలలో, సాళ్లలో సందులు కనిపించినప్పుడే.

అలాగని ఆరబెట్టడం ఆలస్యమైనా ముప్పే. ఖరీఫ్ పంటను వానల్లో పీకి పచ్చిమీదే వామి వేస్తే లోపల ఉడుకెత్తుతుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. అలాంటి కాయ విత్తనానికే కాదు, తిండికీ పశువుల దాణాకూ పనికిరాదు.

ముక్కాలి పందిరి

ఈ రెండు ముప్పులకూ మధ్యేమార్గం గాలికి, నీడకు ఆరబెట్టడం. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన కేంద్రం ఇందుకు తక్కువ ఖర్చుతో ముక్కాలి పద్ధతిని రూపొందించింది. మూడు వెదురు గడలను పైన కలిపి కట్టి, కింది నుంచి పైదాకా చుట్టూ తాడు వరుసలు బిగిస్తారు. పీకిన మొక్కలను కాయలు లోపలికి, ఆకు బయటికి ఉండేలా ఆ వరుసల మీద పేరుస్తారు. ఆకు నీడ పడుతుంది, లోపల గాలి కింది నుంచి పైకి ఆడుతుంది, నేల వేడీ తడీ కాయకు తగలవు. మొక్కలను చిన్న కట్టలుగా కట్టి, కాయలకు ఎండ సూటిగా తగలకుండా ఆరబెట్టినా ఇదే మేలు జరుగుతుంది.

తెంపిన కాయను ఆరబెట్టాల్సి వస్తే పట్టా మీద పలచగా పరిచి తరచూ తిరగేయాలి, మిట్టమధ్యాహ్నం నీడకు చేర్చాలి. కాయ ఊపితే గలగలమనాలి, గింజను వేళ్లతో నలిపితే పైపొర ఊడిరావాలి. చల్లారాకే సంచికెత్తాలి. విత్తే ముందు దాకా కాయగానే ఉంచాలి.

అడ్డంకి ఎక్కడ?

పద్ధతి తెలిసిన రైతు కూడా వెనకాడటానికి కారణం తూకం. 14 శాతం తేమతో ఉన్న క్వింటా కాయను 9 శాతానికి ఆరబెడితే అయిదున్నర కిలోలు తగ్గుతుంది. ధర కిలోకే తప్ప నాణ్యతకు లేనప్పుడు, జాగ్రత్తగా ఆరబెట్టినవారికి నష్టం, పచ్చిగా అమ్మినవారికి లాభం. ఆ భారం చివరికి విత్తే రైతు మీద పడుతుంది. ధ్రువీకరణ ప్రమాణం కోరే 70 శాతం మొలకతో ఎకరాకు 60 కిలోల పప్పు సరిపోయే చోట, మొలక 50 శాతానికి పడిపోతే అన్నే మొక్కలకు 84 కిలోలు కావాలి.

కావలసిన మార్పులు

1. విత్తన సేకరణ సంస్థలు తేమను బట్టి, మొలక శాతాన్ని బట్టి ధర కట్టాలి. 9 శాతానికి ఆరబెట్టిన కాయకు తగ్గిన తూకాన్ని భర్తీ చేసి, పైన ప్రోత్సాహకం ఇవ్వాలి.

2. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో ప్రతి రైతు వేదికలో తేమ కొలిచే మీటరు ఉండాలి. రైతు కళ్లెదుటే కొలవాలి.

3. విత్తనోత్పత్తి రైతులకు వెదురు గడలు, తాడు, పట్టాలు రాయితీపై అందించాలి.

4. మొలక పరీక్ష సేకరించిన రోజున ఒకసారి, పంపిణీకి ముందు మరోసారి జరగాలి. ఫలితాన్ని సంచి మీద ముద్రించాలి.

5. రోడ్ల మీద, సిమెంటు కళ్లాల్లో మండుటెండకు ఆరబెట్టిన కాయను విత్తనంగా కొనకూడదు. దాన్ని నూనె మిల్లులకు వేరుచేయాలి.

వీటిలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు. కొనుగోలు నిబంధనలు మార్చి, పీకుడు మొదలయ్యేలోపు గడలు, పట్టాలు, మీటర్లు ఊళ్లకు చేర్చితే రాబోయే రబీ నుంచే ఇవి అమలవుతాయి.