ఒత్తులకి కూడా తలా ఒక నంబరా?

టిబెటన్ లిపికి యూనికోడ్ అన్యాయం చేసిందని వాదించేవాళ్ళు అప్పుడప్పుడూ తగులుతుంటారు. వాళ్ళ మాట: అక్షరాల మీద అక్షరాలు పేర్చే లిపి కాబట్టి ప్రతి దొంతరకీ విడిగా ఒక కోడు ఉండాలి. ఈ వాదన నాకు బాగా తెలిసిందే. ఒకప్పుడు మనవాళ్ళూ తెలుగు ఫాంట్లలో గుణింతాలకీ ఒత్తులకీ ఎవరికి తోచిన నంబర్లు వాళ్ళు ఇచ్చుకున్నారు. ఆ పేజీలు చదవడానికి 'పద్మ' లాంటి పనిముట్టు కావాల్సొచ్చింది.

నిజానికి టిబెటన్‌కి దక్కిన ఏర్పాటు మనదానికంటే మెరుగు. 1991లో యూనికోడ్‌లోకి వచ్చింది, 1993లో తీసేశారు, 1996లో కొత్త పద్ధతిలో మళ్ళీ పెట్టారు. ఈ పద్ధతిలో హల్లుకి ఒక కోడు, అదే హల్లు కింద ఒత్తుగా వస్తే ఇంకో కోడు. మనకేమో 'క్క' రాయాలంటే క, పొల్లు, మళ్ళీ క. 'సాఫ్ట్‌వేర్'లో వ ఒత్తుగా మారిపోకుండా మధ్యలో కనపడని అక్షరం ఒకటి దూర్చాలి. వాళ్ళకా బాధ లేదు :)

ఉదాహరణకి బ్‌స్‌గ్రుబ్స్ అనే మాట చూడండి (పలకడం మాత్రం ఇంచుమించు 'డ్రుప్'!). ముందు బ, తర్వాత స, దాని కింద గ, దాని కింద ర, ఆపైన ఉకారం, చివర బ, స. మొత్తం ఏడు కోడ్లు. దొంతర పేర్చడం ఫాంటు పని. నిఘంటువులో ఈ మాట గ కింద ఉంటుంది, బ కింద కాదు. మధ్యలో ఉన్న దొంతరంతా కలిపి ఒకే నంబరైతే ఆ గ ఎక్కడుందో ప్రోగ్రాముకి ఎలా తెలియాలి? మళ్ళీ ఒక పట్టిక రాసుకోవాలి.

2002లో చైనా 956 దొంతరలకి విడి కోడ్లు అడిగింది, ఒప్పుకోలేదు. ఒక విషయంలో వాళ్ళ మాట సబబే. అప్పటికి దొంతరలు సరిగ్గా పేర్చగల సాఫ్ట్‌వేర్ అరుదు, విండోస్‌తో పాటు టిబెటన్ ఫాంటు వచ్చిందే విస్టాతో, 2007లో. కానీ సాఫ్ట్‌వేర్ అవిటితనం పదేళ్ళు, కోడు శాశ్వతం. పైగా ఆ 956 దగ్గర ఆగిందా? 2006లో చైనా సొంత ప్రమాణం సొంతవాడకపు స్థానాల్లో 1,536 పెట్టింది, 2008లో ఇంకో 5,702! సంస్కృత మంత్రాలు రాసే లిపిలో దొంతరలకి అంతేమిటి?

"కొరియన్లకి 11,172 ఇచ్చారుగా?" అంటారు. ఇచ్చారు. అది 19×21×28, అక్కడితో లెక్క ముగిసింది. ఇక్కడ అలాంటి లెక్క లేదు. ఒకవేళ ఇచ్చినా ఒకే మాటకి రెండు స్పెల్లింగులు తయారవుతాయి, లేదా నార్మలైజ్ చెయ్యగానే దొంతర విడిపోయి మళ్ళీ పాత కోడ్లే మిగులుతాయి. రెండో దానికైతే ఇంత గొడవెందుకు?

ఇదేదో సిద్ధాంతచర్చ అనుకోకండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో టిబెటన్ గ్రంథాల్లో వెతికే పెట్టె ఉండేది. కొన్ని ఫైళ్ళు మామూలు యూనికోడ్, కొన్ని ఆ సొంతవాడకపు నంబర్లు. సరైన ఫాంటుతో చూస్తే అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. ఒక పెద్దాయన, చేతిలో అచ్చుప్రతి పెట్టుకుని, అందులోని వాక్యం వెతికితే మా పెట్టె "ఏమీ దొరకలేదు" అంది. పుస్తకం మా సర్వర్లోనే ఉంది మరి! ఆయన తన స్పెల్లింగే తప్పేమోనని మూడుసార్లు టైపు చేసి చూసుకున్నాడు.

తర్వాత మార్పిడి పట్టిక రాశాం. కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా దాన్లో లేని నంబరొకటి తేలేది.