పిల్లల జట్లు మనకెందుకులే అందామా?

"పిల్లలన్నాక కటీఫులు చెప్పుకుంటారు, మళ్ళీ కలుస్తారు. మనకెందుకు?" అనే మాట బడుల్లో తరచు వింటున్నాను. అలిగి చెప్పిన కటీఫు సాయంత్రానికి పోతుంది. కులం చూసి పెట్టిన దూరం పోదు. అది పిల్లలు మన ఇళ్ళలోనే నేర్చుకున్నది.

బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో చెప్పింది. అణగారిన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూసే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. ఇన్ని చేసినా, అన్నం తినేటప్పుడు పక్కన తోటిపిల్ల కూర్చుందా లేదా అన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఎవరూ ఆటలో చేర్చుకోని పిల్ల బడి మానేస్తే "చదువు మీద శ్రద్ధ లేదు" అనేస్తారు.

మిత్రులారా, బడికి వెళ్ళినప్పుడు హాజరు పట్టీ, బియ్యం లెక్క చూసి ఊరుకోవద్దు. పంక్తిలో ఎవరు విడిగా కూర్చున్నారో చూడండి. కూర్చునే చోట్లు, ఆటల జట్లు వారం వారం మార్చమని టీచర్లను అడగండి. తల్లుల సమావేశాల్లో ఈ మాట మనమే ఎత్తాలి. తోటిపిల్లల మధ్య చోటు దొరకనంత కాలం ఆ పిల్లకు చదువు హక్కు కాగితం మీదే ఉంటుంది.