పన్నెండు వేలలో ఇంటి కంప్యూటర్: పాతదానికి నమ్మకమైన దారి కావాలి

సిలబస్ అనుసంధానం: జనరల్ ఎస్సే, పాలన – సామాజిక న్యాయం, సైన్స్ అండ్ టెక్నాలజీ, పర్యావరణం

2024లో తెలంగాణలో టెట్, డీఎస్సీ రెండూ కంప్యూటర్ ఆధారిత పరీక్షలుగా జరిగాయి. డీఎస్సీలో 11,062 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు మా చెల్లి కూడా దరఖాస్తు చేసింది. బీఈడీ పూర్తిచేసి, ఊళ్లో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు చదువుకునేది. ఏప్రిల్‌లో ఒకరోజు అశోక్‌నగర్‌లో ఉన్న నాకు ఫోన్ చేసింది. సిలబస్ గురించి ఏదో డౌట్ అనుకున్నాను. "అన్నా, మౌస్ అలవాటు కావాలంటే ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది.

మా ఇంట్లో రెండు స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. కంప్యూటర్ లేదు. మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్లాలంటే బస్సు చార్జీ, గంటకు 40 రూపాయలు, పైగా ఒక పూట జీతం కోత. మన పోటీ పరీక్షలు ఒక్కొక్కటిగా తెర మీదకు మారిపోయాయి. ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు, రైల్వే పరీక్షలు ఎప్పుడో మారాయి. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం అని ఆర్టికల్ 16 చెబుతుంది. ఒకరికి పదేళ్లుగా అలవాటైన పరికరాన్ని మరొకరు పరీక్ష హాల్లోనే మొదటిసారి ముట్టుకుంటే, ఆ సమానత్వం కాగితం మీదే ఉంటుంది.

ఆ వేసవిలో 12,000 రూపాయల లోపు మా ఇంటికి ఒక కంప్యూటర్ సమకూర్చాను. ఆ అనుభవం నాకొక సంగతి నేర్పింది. పేద ఇంటికి కంప్యూటర్ చేరకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. చవకగా పనికొచ్చే యంత్రాలు మన దేశంలోనే కుప్పలుగా ఉన్నాయి. వాటిని నమ్మి కొనే చోటు, పాడైతే బాగుచేసే మనిషి దగ్గరలో లేరు. ప్రభుత్వం ముందుగా పూడ్చాల్సిన లోటు అదే.

"ఫోన్ ఉంది కదా?"

డిజిటల్ అంతరం మీద చర్చ మొదలైతే ఎక్కువమంది ఇచ్చే జవాబు ఇది. జాతీయ గణాంక కార్యాలయం 2025 టెలికాం సర్వే ప్రకారం దేశంలో దాదాపు 85 శాతం కుటుంబాల్లో కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉంది. ఇది నిజంగా గొప్ప మార్పు. కానీ 2017-18లో జరిగిన ఎన్‌ఎస్‌ఎస్ 75వ రౌండ్ ప్రకారం కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 10.7 శాతమే. పట్టణాల్లో 23.4 శాతం, గ్రామాల్లో 4.4 శాతం. ఈ రెండు సర్వేల మధ్య కాలం తేడా ఉంది, నిజమే. అయినా ఏది ఎంత దూరం చేరిందో అర్థమవుతుంది. బడిలో నేర్చుకోవచ్చు కదా అంటే, యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల్లో పనిచేసే కంప్యూటర్లున్న పాఠశాలలు 57 శాతమే.

ఫోన్‌లో వీడియో పాఠం వినవచ్చు, కరెంట్ అఫైర్స్ చదవవచ్చు. నాలుగు పేజీల వ్యాసం టైపు చేయడం, ఎక్సెల్ షీట్‌లో లెక్క వేయడం, రెండున్నర గంటలు తెర చూస్తూ ప్రశ్న నుంచి ప్రశ్నకు వెళ్లడం వేరే పని. ఫోన్ మనల్ని చూసేవాళ్లుగా ఉంచుతుంది. తయారుచేసేవాళ్లం కావాలంటే కీబోర్డు కావాలి. కాబట్టి స్మార్ట్‌ఫోన్ల లెక్క చూపించి డిజిటల్ అంతరం పూడిపోయిందని రాయకండి.

కొత్త డబ్బా, పాత సరుకు

మొదట నేనూ కొత్తదే కొందామనుకున్నాను. "ఐ5 కంప్యూటర్ ఫుల్ సెట్ 11,500" అనే ప్రకటనలు మీరూ చూసి ఉంటారు. నా రూమ్మేట్ అంతకు ముందే అలాంటిది ఒకటి కొన్నాడు. రంగురంగుల లైట్ల క్యాబినెట్, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ప్రకటనలో ఐ5 అని రాశారు గానీ ఏ జనరేషనో రాయలేదు. విప్పి చూస్తే పదేళ్లు దాటిన ప్రాసెసర్, పేరూ ఊరూ లేని మదర్‌బోర్డు, చేత్తో పట్టుకుంటే బరువే లేని ఎస్‌ఎంపీఎస్. రెండో నెలలో ఆ ఎస్‌ఎంపీఎస్ కాలి బోర్డును కూడా తీసుకుపోయింది. అమ్మినవాళ్ల దగ్గర బిల్లు లేదు, గ్యారంటీ లేదు.

అప్పుడు అర్థమైంది. ఆ ధరలో "కొత్తది" అంటే తరచుగా కొత్త డబ్బాలో పెట్టిన పాత సరుకే. అలాంటప్పుడు పాతదని ఒప్పుకుని అమ్మే మంచి సరుకు కొనడమే మేలు.

మా లెక్క

పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి డెస్క్‌టాప్‌లు మారుస్తాయి. లీజు ముగిసిన ఆ యంత్రాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లకు వస్తాయి. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్ ఎలాగో మనకు అది అలాగ. రోజంతా నడవడానికి చేసినవి కాబట్టి వీటి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ గట్టిగా ఉంటాయి.

2024 మే నెలలో నేను పెట్టిన ఖర్చు ఇది:

- 6వ జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత బ్రాండెడ్ సీపీయూ: 7,000
- కొత్త 256 జీబీ ఎస్‌ఎస్‌డీ: 1,600
- పాత 19 అంగుళాల మానిటర్: 1,800
- కొత్త కీబోర్డు, మౌస్: 550
- సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్: 450
- మొత్తం: 11,400

నెట్ కోసం ఏమీ కొనలేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెదరింగ్ ఆన్ చేస్తే చాలు. సాఫ్ట్‌వేర్‌కు కూడా పైసా పెట్టలేదు. లైనక్స్ మింట్, లిబ్రె ఆఫీస్ ఉచితం. అందులోనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది.

ఈ జాబితాలో ఒక్కటి మాత్రం పాతది కొనకండి: డిస్క్. పాత కంప్యూటర్ నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం ప్రాసెసర్ కాదు, గిర్రున తిరిగే హార్డ్ డిస్క్. దాని బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే నిమిషాలు పట్టే స్టార్టింగ్ సెకన్లలోకి వస్తుంది. షాపులో యంత్రాన్ని అరగంట నడిపించి చూడండి. జనరేషన్ ఎంతో తెర మీద చూపించమనండి. చేతిరాతైనా సరే బిల్లు తీసుకోండి.

నేనూ పొరపాటు చేశాను. తర్వాత ఎప్పుడైనా ర్యామ్ పెంచుకుందామని అక్కడే ఒక డీడీఆర్3 ముక్క కొన్నాను. బోర్డుది డీడీఆర్4. గాడి దగ్గరే కుదరలేదు. 600 రూపాయలు పోయాయి. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు.

జూన్‌లో ఒక ఉదయం చెల్లి మళ్లీ ఫోన్ చేసింది, గొంతు వణుకుతోంది. కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల తెర, దాని మీద ఇంగ్లిష్‌లో ఏదో వస్తోంది, పాడైపోయిందేమోనని. చదివి వినిపించమన్నాను. తేదీ, సమయం సెట్ కాలేదు, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి అని దాని అర్థం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, అది అయిపోయింది. దాని ధర 30 రూపాయలు. కానీ ఊళ్లో ఆ మాట చెప్పేవాళ్లు లేరు. నేను ఫోన్ ఎత్తకపోయి ఉంటే, 11,400 పెట్టిన యంత్రం 30 రూపాయల దగ్గర ఆగిపోయి, మీద గుడ్డ కప్పుకుని మూలన కూర్చునేది.

ప్రభుత్వాలు నడిచిన దారి

చవక కంప్యూటర్ కల మన దేశానికి పాతదే. భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు బెంగళూరులో కలిసి సింప్యూటర్‌ను రూపొందించారు. ఆలోచన గొప్పది, అమ్మకాలు మాత్రం ఆశించిన స్థాయికి చేరలేదు. 2011 అక్టోబర్ 5న "35 డాలర్ల ట్యాబ్లెట్"గా పేరుపొందిన ఆకాశ్ వచ్చింది. తొలి మోడల్‌లో 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ధర కోసం అన్నీ కోసేశాక మిగిలిన పరికరంతో విద్యార్థి చేయగలిగింది తక్కువ. అదే ఏడాది తమిళనాడు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టి లక్షల మందికి పంచింది. ఫలితం కనిపించింది, కానీ ప్రతి ఏటా కొత్తవి కొనే భారాన్ని అన్ని రాష్ట్రాలూ మోయలేవు.

కేరళది వేరే దారి. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ ప్రాజెక్టు యంత్రాలతో ఆగలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను బడులకు తెచ్చింది, దాన్ని వాడేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. యంత్రం కంటే దాని చుట్టూ ఉండే మనుషులు ముఖ్యమని ఆ రాష్ట్రం ముందే గుర్తించింది. మిగతా పథకాల్లో లోపించినది ఇదే.

అభ్యంతరాలు

మొదటిది: "ధనికుల చెత్తను పేదలకు అంటగడతారా?" ఈ ప్రశ్నలో ఆత్మగౌరవం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అయితే నేను విదేశాల పాత సరుకు దిగుమతి చేసుకోమనడం లేదు. మన ఆఫీసుల్లోనివే, పరీక్షించి, గ్యారంటీతో ఇవ్వమంటున్నాను. పరీక్షించకుండా పంచితే అది చెత్తే. బాగుచేసి, బిల్లుతో, సరైన ధరకు ఇస్తే అది వస్తువు. సెకండ్ హ్యాండ్ బైకు కొనడానికి మనలో ఎవరూ సిగ్గుపడరు కదా.

రెండోది భద్రత. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో 8వ జనరేషన్‌కు ముందున్న చాలా యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. ఇది నిజమైన చిక్కే. కానీ లైనక్స్ వాటి మీద అప్‌డేట్లతో సహా నడుస్తుంది. సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ మన దేశానిదే. పైగా ఈ మార్పు వల్ల ఆఫీసులు బయటపడేసే మంచి యంత్రాల సంఖ్య పెరుగుతుంది. వాటిని వాడుకోకపోతే ఈ-వ్యర్థాల కుప్పలోకే వెళ్తాయి. ఈ-వ్యర్థాల్లో చైనా, అమెరికాల తర్వాత స్థానం ఇప్పటికే మనది.

మూడోది కరెంటు బిల్లు. ఇలాంటి డెస్క్‌టాప్, మానిటర్ కలిపి మామూలు వాడకంలో సుమారు 60 వాట్లు తీసుకుంటాయి. రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు ఏడు యూనిట్లకు కాస్త అటూ ఇటూ. ఈ కారణంతో వద్దనుకోవాల్సిన పని లేదు.

నాలుగోది దేశీయ తయారీ. ఐటీ హార్డ్‌వేర్ కోసం కేంద్రం 2023 మేలో 17,000 కోట్లతో పీఎల్ఐ 2.0 ప్రకటించింది. అది అవసరమే. కానీ కొత్త ల్యాప్‌టాప్ కొనగలిగిన ఇల్లు పాత డెస్క్‌టాప్ వైపు చూడదు. ఈ రెండూ ఒకే కొనుగోలుదారు కోసం పోటీపడవు.

ముందున్న దారి

1. ప్రభుత్వ కార్యాలయాలు, ప్రభుత్వ రంగ సంస్థలు కండెమ్ చేసే కంప్యూటర్లను గంపగుత్తగా వేలం వేసే ముందు జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్‌లకు పంపాలి. డేటా పూర్తిగా తుడిచి, కొత్త ఎస్‌ఎస్‌డీ, సెల్ వేసి, ఏడాది గ్యారంటీతో అసలు ఖర్చుకే ఇవ్వాలి. విద్యార్థులకు అదే ప్రాక్టికల్.

2. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 పునరుద్ధరణదారులను గుర్తించి, నమోదు తప్పనిసరి చేశాయి. దీనికి తోడు ప్రతి పాత యంత్రం మీద ప్రాసెసర్ జనరేషన్, తయారీ సంవత్సరం, మార్చిన భాగాలు రాసిన లేబుల్ ఉండాలి. నా రూమ్మేట్ మోసపోయింది ఆ ఒక్క సమాచారం లేకే.

3. ప్రతి మండలంలో మరమ్మతు తెలిసిన ఒకరైనా ఉండాలి. 2017లో మొదలైన పీఎంజీదిశ కింద ఆరు కోట్ల మందికి పైగా డిజిటల్ అక్షరాస్యత శిక్షణ ఇచ్చారు. తర్వాతి మెట్టు బాగుచేయడం నేర్పడం.

4. కంప్యూటర్ ఆధారిత పరీక్ష పెట్టే ప్రతి సంస్థ, పరీక్షకు ముందు నెల రోజులు గ్రంథాలయాల్లోనో కళాశాలల్లోనో ఉచిత సాధనకు యంత్రాలు చూపాలి. పద్ధతి మార్చిన వారికే ఆ బాధ్యత ఉంటుంది.

చెల్లికి ఆ డీఎస్సీలో ఉద్యోగం రాలేదు. పరీక్ష రాసి బయటికొచ్చి, "ఈసారి నా చదువే తక్కువైంది అన్నా, చెయ్యి కాదు" అంది. ఓటమి తన చదువు వల్లే వచ్చిందని చెప్పగలగడం కూడా ఒక హక్కే. ప్రతి అభ్యర్థికీ దక్కాల్సిన కనీస న్యాయం అది. ఇప్పుడు సాయంత్రాలు తన బడి పిల్లలు నలుగురు వచ్చి ఆ కంప్యూటర్ ముందు వంతులేసుకుని కూర్చుంటున్నారు. ఈమధ్య మానిటర్ వెలగకపోతే కేబుల్ వదులైందని చూసి బిగించింది వాళ్లలో ఒక ఏడో తరగతి అమ్మాయి. నాకు ఫోన్ రాలేదు.

సాధన ప్రశ్న: "డిజిటల్ అంతరం అంటే పరికరం లేకపోవడం మాత్రమే కాదు, దాన్ని నిలబెట్టుకునే వ్యవస్థ లేకపోవడం కూడా." సమాన అవకాశం, వృత్తాకార ఆర్థిక వ్యవస్థల కోణంలో చర్చించండి. (250 పదాలు)