వీథిలోని వృద్ధవృక్షములు

కేతోహళ్లి ‘దొడ్డ ఆలదమర’ మనలో పెక్కుమంది చూచినదే. సుమారు 400 ఏండ్ల దని చెప్పుకొను ఆ మఱ్ఱి మూడెకరముల మేర వ్యాపించినది. తెగులు సోకి మూలకాండము నశించినను ఊడలే మ్రాకులై దానిని నిలిపినవి. మహబూబ్‌నగరపు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టగా 2018లో రోగికి వలె సీసాలతో మందెక్కించిరి. దేవనహళ్లి తాలూకా నల్లూరు చింతతోపు 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైనది. దేశమున నట్టి వానిలో నిదియే మొదటిది.

పేరున్న చెట్ల కీ యాదరము లభించినది. పేరులేని వాని మాట యేమి? 1976 నాటి కర్ణాటక వృక్షసంరక్షణ చట్టము ననుసరించి చెట్టు కొట్టుటకు వృక్షాధికారి యనుమతి వలయును. కాని యా చెట్టు ఎంత ప్రాతదో, ఎవరికి నీడ యిచ్చుచున్నదో ఆ యధికారికి చెప్పువారుండవలదా? మేకులు దిగగొట్టి పలక తగిలించుట గౌరవము కాదు, గాయము.

మొన్న తరగతిలో రావిచెట్టేదని యడిగితిని. పలువురు మిన్నకుండిరి. ‘అరళి’ యనగానే అందఱును కిటికీ వంక చూపిరి! నాకు నవ్వును వచ్చినది, చింతయు కలిగినది.

తల్లిదండ్రులారా, ఈ ఆదివారము పిల్లలతో మీ వీథిలోని పెద్ద చెట్టు కడకు పొండు. రొమ్మెత్తున చుట్టుకొలత తీయించి, తెలుగు పేరును కన్నడ పేరును వ్రాయించి పంపుడు. పాఠశాలలో నొక పుస్తకము తెఱచితిమి; మొదటి పుట కిటికీ ప్రక్కనున్న రావికి విడిచితిమి.